కళ్ళు మూసుకోమన్నవాడు

ఏలూరులో మూగ బొమ్మలు ఆడిన రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాడు కొండలరావు. తెరమీద రాణి పెదవులు కదిపితే హాల్లో వినబడేది అతని గొంతే. తరవాత టాకీలొచ్చాయి. రాణులు సొంతంగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కొండలరావు వచ్చి ఇంట్లో కూర్చున్నాడు.

అలా రెండేళ్ళు కూర్చున్నాక టాకీ హాలు యజమాని శ్రీరంగనాయకులు గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆయనకి బట్టల కొట్టు కూడా ఉంది. మనిషి మెత్తన, భయస్థుడు.

"దెయ్యం బొమ్మ ఒకటి తెచ్చానయ్యా కొండలరావూ. మొదటి ఆట మొదలవగానే పట్టాభిరామయ్య ప్లీడరు గారి తల్లి సీతామహాలక్ష్మి గారు స్పృహ తప్పి పడిపోయారు, ఆట అక్కడితో ఆపేశాం. ప్లీడరు గారు నోటీసిచ్చారు. భయపడాల్సిన చోటల్లా ముందుగా హెచ్చరించకపోతే కోర్టుకి లాగుతారుట. నువ్వు గంట కొట్టి, వచ్చేదేమిటో రెండు ముక్కలు చెప్పి, కళ్ళు మూసుకోమను. అంతే."

"అలాగేనండి," అన్నాడు కొండలరావు. గొంతుకి మళ్ళీ పని దొరికిందన్న సంబరంలో అసలు సంగతి చెప్పలేకపోయాడు. అతనికి దెయ్యాలంటే చచ్చేంత భయం.

మర్నాడు మధ్యాహ్నం అతనొక్కడికోసం బొమ్మ వేశారు. చచ్చిపోయిన కోడలు తిరిగి ఇంటికొచ్చే కథ. ఆవిడ వీధి గుమ్మం దాకా రాగానే కొండలరావు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇంక మళ్ళీ తెరవలేదు. చెవులతోనే చూశాడు. ఒకచోట కరకరమని ఏదో కోస్తున్న చప్పుడు. ఇంకోచోట గొంతులో నీళ్ళు గుడగుడలాడిన చప్పుడు. చివర్లో సన్నటి మూలుగు. ఆ మూడు చప్పుళ్ళకీ ఏ దృశ్యాలు సరిపోతాయో ఇంటికెళ్ళే దారంతా వణుకుతూ ఊహించుకున్నాడు.

ఆ సాయంత్రం మొదటి ఆటలో గంట మోగింది.

"అమ్మలారా, అయ్యలారా! ఇప్పుడా కోడలు కత్తిపీట ముందు కూర్చోబోతోంది. ఏం కోస్తుందో నేను చెప్పను. మీ పక్కనున్న పిల్లల వేళ్ళు ఒక్కసారి లెక్కపెట్టుకోండి. కళ్ళు మూసుకోండి!"

హాలంతా కెవ్వుమంది. పంచెల కొంగులు, పైటచెంగులు మొహాలమీదికెక్కాయి. తెరమీద కరకర మొదలయ్యేసరికి నేలమీద కూర్చున్నవాళ్ళు ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు తలలు దాచుకున్నారు. నీళ్ళ చప్పుడుకి ముందు, పసివాణ్ణి బావిలో ముంచుతున్నారన్నాడు. మూలుగుకి ముందు చెప్పినది విని గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు పని వదిలేసి పారిపోయాడు.

వారం తిరిగేసరికి ఊరంతా ఆ బొమ్మే. తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చారు. ద్వారకా తిరుమల వెళ్ళే యాత్రికులు దారిలో ఆగి, చూసి, కొండెక్కి మొక్కులు పెంచుకున్నారు. చూసి అంటే కళ్ళు మూసుకుని. ఆ మూడు చోట్లా ఏముందో ఏలూరులో ఒక్కడూ ఎరగడు. ఆపరేటరుకి మొదట్లో యంత్రం చూసుకోవడంతోనే సరిపోయింది, ఇప్పుడతనూ గంట వినబడగానే గోడవైపు తిరిగిపోయేవాడు. ప్లీడరు గారి తల్లి మాత్రం రోజూ వచ్చేవారు. రోజూ వణికేవారు. స్పృహ మాత్రం మళ్ళీ తప్పలేదు.

పదో రోజున కొల్లేటి లంక నుంచి బుల్లెమ్మ వచ్చింది. గంపెడు చేపలు అమ్ముకుని, ఖాళీ గంపతోనే హాల్లోకొచ్చి ముందు కూర్చుంది. గంట మోగింది. అందరూ కళ్ళు మూసుకున్నారు.

"నేను మూసుకోనండి బాబూ," అంది బుల్లెమ్మ, అందరికీ వినబడేలాగే. "చూద్దామని వచ్చాను. కళ్ళు మూసుకోడానికైతే ఇంటికాడే మంచం ఉంది."

కరకర మొదలైంది. బుల్లెమ్మ గొంతు ఖంగుమంది.

"ఓలమ్మో, సొరకాయండీ! సొరకాయ కోసుకుంటంది పిల్ల!"

ఒకళ్ళిద్దరు కొంగు తొలగించారు. తరవాత పదిమంది. తెల్లచీర కట్టి జుట్టు విరబోసుకున్న ఒక బక్కపలచని పిల్ల నిజంగానే సొరకాయ ముక్కలు చేస్తోంది. బావి చోటొచ్చింది. కథానాయకుడు పుక్కిలిస్తున్నాడు. మూలుగు చోటొచ్చింది. ఉయ్యాలబల్ల గొలుసుకి నూనె లేదు. హాలు పగలబడి నవ్వింది. ఆ వెంటనే కోపమొచ్చి కేకలేసింది.

శ్రీరంగనాయకులు గారు పరుగెత్తుకొచ్చారు. "ఏవయ్యా, నువ్వు బొమ్మ చూశావా లేదా?"

"చూళ్ళేదండి," అన్నాడు కొండలరావు తలొంచుకుని. "భయమేసిందండి."

అప్పుడు ఆడవాళ్ళవైపు నుంచి సీతామహాలక్ష్మి గారు లేచారు.

"అబ్బాయిని ఏమీ అనకండి. ఆ వేళ నేను పడిపోయింది భయంతో కాదండీ. ఏకాదశి. పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. చెబితే మావాడు కేకలేస్తాడని ఊరుకున్నాను. నాకు ఈ అబ్బాయి చెప్పే దెయ్యమే బాగుంది. సొరకాయ చూడ్డానికి నేనింత దూరం రానండీ."

"నాకు కంటికి కనబడేదే కావాలండి," అంది బుల్లెమ్మ.

పెద్ద తగువే అయింది. చివరికి శ్రీరంగనాయకులు గారు ఒక దారి చెప్పారు. అంతవరకూ ఆడా మగా వేరుగా కూర్చున్న హాల్లో, మధ్యనున్న అడ్డుతెర మడిచి, మూసుకునేవాళ్ళు ఎడమవైపు, తెరుచుకునేవాళ్ళు కుడివైపు అన్నారు. ఆలుమగలు విడిపోయారు, వియ్యంకులు విడిపోయారు. మర్నాడు గంట మోగితే కుడివైపు పకపకలు, ఎడమవైపు కెవ్వుకేకలు. ఆ నవ్వేది దెయ్యమేననుకుని ఎడమవైపువాళ్ళు రెట్టింపు భయపడ్డారు.

నడుమ నిలబడిన కొండలరావుకి సిగ్గేసింది. ఊళ్ళోవాళ్ళందర్నీ భయపెట్టి, తను మాత్రం ఒక్కసారీ తల పైకెత్తలేదు. మూడోరోజున గంట కొట్టి, గోడకానుకుని, ఒక కన్ను తెరిచాడు. తరవాత రెండోది.

తెరమీది పిల్ల సొరకాయ కోస్తోంది. కోసి, వండి, వడ్డించింది. భర్తా అత్తా మామా తిని లేచారు. ఒక్కరూ ఆవిడవైపు చూడలేదు. వాళ్ళకి ఆవిడ కనబడదు. పిల్ల అందరి విస్తళ్ళూ తీసి, ఎవరైనా పిలుస్తారేమోనని వంటింటి గుమ్మంలో నిలబడింది.

కొండలరావు చెప్పాల్సిన ముక్కలు మరిచిపోయి తెరకేసే చూస్తున్నాడు.

"ఏవైంది నాయనా? చెప్పు, ఎవర్ని కోస్తోంది?" అన్నారు సీతామహాలక్ష్మి గారు కళ్ళు మూసుకునే.

"ఎవర్నీ లేదండి. వంట చేసి పెట్టిందండి," అన్నాడు కొండలరావు. "ఇంట్లో ఒక్కళ్ళూ పలకరించలేదండి."

కుడివైపు నవ్వు ఆగిపోయింది. సీతామహాలక్ష్మి గారు మెల్లిగా కళ్ళు తెరిచి తెరకేసి చూశారు. గుమ్మంలో పిల్ల ఇంకా నిలబడే ఉంది.

"లోపలికి రామ్మా," అన్నారావిడ, పైకే.

ఎవరూ నవ్వలేదు.

ఆ బొమ్మ ఏలూరులో ఇంకో మూడు వారాలాడింది. తరవాత బొమ్మ రీళ్ళ పెట్టెలు తాడేపల్లిగూడెం వెళితే వాటితో కొండలరావునీ పంపారు. అక్కడ పంచిన కాగితాలు శ్రీరంగనాయకులు గారు స్వయంగా రాయించారు: "ఈ బొమ్మయందు భయపడవలసినది ఏమియు లేదు. ఏడ్వదలచినవారు ముందు వరుసలలో కూర్చుండి, వెనుకవారికి ఇబ్బంది లేకుండ ఏడ్వవలెను."

అందులో మొదటి వాక్యం చదివి మొదటిరోజు గూడెంలో ఒక్కడూ రాలేదు. రెండోరోజు రెండో వాక్యం కూడా చదివారు కాబోలు, ముందు వరుసల కోసం తోపులాట జరిగి రెండు బెంచీలు విరిగాయి.