ఇటునుంచి ఒకటి, అటునుంచి ఏడు

అది నవంబరు పదకొండు. ఆ మధ్యాహ్నం వడ్రంగి మేస్త్రీ తిన్నది ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు. మిగతా సగం బావమరిది అడక్కుండానే లాక్కున్నాడు. "నీకు షుగరు బావా, నీ మంచికే," అన్నాడు నములుతూ. మేస్త్రీకి షుగరు లేదు. ఆ మాట అనే ఓపికా లేదు.

తొంభై ఏళ్ల నాటి బట్టల గిడ్డంగిని హోటలుగా మారుస్తున్నారు. లిఫ్టు ఇంకా పెట్టలేదు. మూడో అంతస్తుకు డెబ్భై రెండు మెట్లు. మేస్త్రీ మోకాళ్లకు ఆ లెక్క బాగా తెలుసు. ముందు ఇరవై ఒకటి, వెనక ఇరవై ఒకటి టేకు కిటికీలు. అన్నీ పీకించి అల్యూమినియంవి పెట్టిద్దామని యజమాని. బాగుచేస్తే ఇంకో యాభై ఏళ్లు వస్తాయని మేస్త్రీ. నెల్లాళ్లు వెంటపడితే యజమాని విసిగి ఒక మాటిచ్చాడు. మూడో అంతస్తు ముందువైపు ఏడూ బాగుచేసి బిగించాలి. పదకొండో తేదీ సాయంత్రం ఇంజినీరమ్మ వచ్చి చూస్తుంది. గాలి చొరబడకుండా మూసుకుంటే మిగతావన్నీ మేస్త్రీవే. లేదంటే మర్నాడే చెత్తబండికి.

ఏడింటి రెక్కలూ విప్పి, పుచ్చిన చోట కొత్త చెక్క అతికి, అద్దాలు మార్చి తెచ్చారు. భవనం ఒక పక్కకు కుంగడంతో ఏ రెండు కిటికీల కొలతా ఒకటి కాదు. కుంగిన వైపు పోయేకొద్దీ కాస్త కాస్త పొట్టి. అందుకే విప్పేటప్పుడే మేస్త్రీ రెక్కల నెత్తిన పెన్సిలుతో వరసగా అంకెలు వేశాడు. బావమరిది చట్రాల మీద సుద్దతో వేశాడు.

నిచ్చెన దగ్గరగా ఉందని ముందు నాలుగోది బిగించారు. పుట్టినింటికి వచ్చినట్టు కూర్చుంది.

"చూశావా బావా, నా చెయ్యి!"

"నీ చెయ్యి కాదు, నా కొలత."

మేస్త్రీ మరలకోసం కిందికి దిగి, మెట్టుకోసారి నిలబడుతూ పైకొచ్చేసరికి గదినిండా చెక్కపొట్టు. ఒకటోది పట్టలేదట. రెండోదీ పట్టలేదట. చెమ్మకు ఉబ్బిందనుకుని బావమరిది రెండింటి రెక్కలకూ అడుగున చిత్రిక పట్టేశాడు. మేస్త్రీ ఒక పొట్టు చుట్ట తీసి వాసన చూశాడు. తొంభై ఏళ్లయినా టేకు వాసన పోలేదు. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది.

తరవాత ఏడోది ఎత్తిపెట్టారు. అడుగున పెన్సిలు దూరేంత సందు.

"చెమ్మకు ఒకటి ఉబ్బి ఇంకోటి చిక్కిపోతుందట్రా?" అంటూ మేస్త్రీ నేల మీద కూలబడ్డాడు. "అంకెలు ఎటునుంచి వేశావు?"

"ఎడమ నుంచి. నేనేమన్నా పసివాణ్నా?"

"ఎక్కడ నిలబడి?"

"పరంజా మీద. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి కదా."

"నేను గదిలో నిలబడి వేశాను."

ఇన్నేళ్లూ ఇద్దరూ లోపల నిలబడే పనిచేశారు. పరంజా ఎక్కడం ఇదే మొదలు. లోపలి ఒకటి బయటికి ఏడు. నాలుగోది మాత్రం ఎటునుంచి లెక్కపెట్టినా నాలుగోదే. అదే ఇద్దరినీ నమ్మించింది.

"అక్క ఉంటే నా చెవి మెలిపెట్టేది," అన్నాడు బావమరిది చెక్కపొట్టు పోగుచేస్తూ.

"మీ అక్క ఉంటే నా చెవికీ దిక్కుండేది కాదు. లే."

నాలుగున్నరకల్లా ఐదు కుదిరాయి. చిత్రిక పట్టిన రెండూ తమ చట్రాల్లో పొట్టివై వేలాడాయి.

"లప్పం కూరి రంగు పూసేద్దాం బావా. ఆవిడ పడుకుని చూస్తుందా ఏంటి?"

"మొదటి వానకే ఊడుతుంది. అప్పుడు తిట్లు మనకు కాదురా, పాత చెక్కకు. మిగతావి కూడా దాంతో పోతాయి."

ఇంజినీరమ్మ ఆయాసపడుతూ వచ్చి, బోర్లించిన రంగు డబ్బా మీద కాసేపు కూర్చుంది. లేచి రెక్కకూ చట్రానికీ మధ్య కాగితం ముక్క పెట్టి, మూసి లాగింది. చిరిగిందే గానీ ఊడిరాలేదు. అలా ఐదు చూసింది.

"ఆ రెండూ చూడక్కర్లేదమ్మా," అని మేస్త్రీ జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"మీ ఇద్దరికీ కలిపి ఎన్నేళ్ల అనుభవం మేస్త్రీ గారూ?"

"అరవై," అన్నాడు బావమరిది నేల చూస్తూ. "ఇవాళ్టి దాకా."

ఆవిడ నవ్వు ఆపుకుని, ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లింది. వచ్చేటప్పుడు నవ్వు లేదు. "యజమానికి ఉన్నదున్నట్టు చెప్పాను. ముందువైపు ఇరవై ఒకటీ ఉంచుతారు. వెనకవి రేపు పీకిస్తారు. ఏడూ కుదిరుంటే గట్టిగా అడిగేదాన్ని."

"ఇరవై ఒకటి," అన్నాడు మేస్త్రీ. ఆవిడ వెళ్తూ వెళ్తూ, తన టార్చిలైటు కిటికీ గట్టు మీద ఉంచి వెళ్లింది, మెట్ల మీద దీపాలు లేవని.

వెలుతురు ఉండగానే ఆ రెండు కిటికీల నాలుగు రెక్కల అడుగునా టేకు బద్దలు జిగురుతో అతికి, బిగింపులు వేసి నేలమీద పరిచారు. తెల్లవారేదాకా అదరకుండా ఉంటే పట్టుకుంటాయి. రెక్కల్లేని రెండు చట్రాల్లోంచి గాలి విసురుగా వస్తోంది. మేస్త్రీ గోడ పట్టుకుని మెల్లగా బయటికి నడిచాడు. బావమరిది వెనకే వచ్చి, గది బరువైన తలుపును రెండు చేతులా కాస్త పైకెత్తి, చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.