నాన్న కాళ్లకి పట్టిన తరంగం

టెక్సస్‌లోని ప్లేనోలో దివాకర్ వాళ్ల గరాజ్‌లో కార్లు ఉండవు. రెండూ ఎండకీ వడగళ్లకీ బయటే పడి ఉంటాయి. లోపల రబ్బరు మ్యాట్లు, గోడకి నిలువుటద్దం, మధ్యలో ఇత్తడి పళ్లెం. ఆ పళ్లెం అంచుల మీద నిలబడి కూచిపూడి తరంగం ఆడాల్సింది పదమూడేళ్ల ఆద్య. ఎదురుగా ఆఫీసు కుర్చీలో, ఒళ్లో లాప్‌టాప్, చేతిలో ఫోన్ టైమర్ పెట్టుకుని కూర్చునేది వాళ్ల నాన్న దివాకర్.

నాట్యం గురించి దివాకర్‌కి తెలిసింది ఒక్కటే: ఎక్కువసేపు చేసినవాళ్లు గెలుస్తారు. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ అలాగే గట్టెక్కాడు మరి. పోయినేడాది పోటీలో ఆద్య నాలుగో స్థానంలో మిగిలిపోయినప్పుడు, గెలిచిన అమ్మాయి రోజుకి మూడు గంటలు ప్రాక్టీస్ చేస్తుందని పార్కింగ్ లాట్‌లో ఎవరో అన్నారు. అంతే, ఆద్యకి గంట కాస్తా రెండయింది, ఆ తర్వాత మూడయింది. పాపం ఆ పిల్ల స్కూల్ బస్సు దిగి, ఇంత పెరుగన్నం తిని, గజ్జెలు కట్టుకునేది. హోంవర్క్ ముందు కూర్చుంటే పెన్సిల్ పట్టుకునే కునికిపాట్లు పడేది. తల్లి శశికళకి హాస్పిటల్ ల్యాబ్‌లో సాయంత్రం షిఫ్టు. కాబట్టి పిల్లని చూసుకోవాల్సింది తనే అనుకున్నాడు దివాకర్. చూసుకోవడమంటే ఎదురుగా కూర్చుని చూడటమే అనుకున్నాడు. మన ఇళ్లలో ఎక్కాలు నేర్పినా అంతే కదా.

మార్చిలో ఒక రోజు ఆఫీసు మీటింగ్‌లో స్టేటస్ చెబుతుండగా, బల్ల కింద అతని కాళ్లు జతులు వేయడం మొదలుపెట్టాయి. ఆపితే ఆగలేదు. పక్క సీటు కేశవరావు వంగి చూసి, తన కాఫీ కప్పు కాస్త దూరంగా జరుపుకున్నాడు.

"మీ పాపదాండీ? మా పెద్దమ్మాయి పియానో నా వేళ్లకి పట్టింది."

"తగ్గిందా మరి?"

"లేదండీ. అలవాటైపోయింది."

దివాకర్ పెద్దగా పట్టించుకోలేదు. ఊళ్లో సగంమందికి పుప్పొడి పడదు, ఇదీ అలాంటిదే అనుకున్నాడు. కంగారుపెట్టింది వేరే సంగతి. అతని కాళ్లకి ఎంత వస్తే, ఆద్య కాళ్లలోంచి అంత పోతోంది. నిన్న పళ్లెంతో గరాజ్ అంతా చుట్టివచ్చిన పిల్ల ఇవాళ అంచుల మీద నిలబడలేక జారుతోంది. జారినకొద్దీ అతను ఇంకో అరగంట పెంచాడు. పెంచినకొద్దీ ఇంకా పోయింది. పోటీ దగ్గరపడేసరికి తరంగమంతా అతనికి కొట్టినపిండి, ఆమెకి కొత్త.

శనివారం క్లాసులో టీచర్ చంద్రిక ఆద్య చేత చేయించి చూసి, దివాకర్‌ని పక్కకి పిలిచింది.

"ఇంట్లో ప్రాక్టీస్ చేస్తోందాండీ?"

"మూడు గంటల పైనే. నేను దగ్గరుండి చూస్తున్నా."

"రోజూ మీరొక్కరేనా చూసేది?"

"నేనే."

"అయితే అదంతా మీకే వస్తోంది. మీకెవరూ చెప్పలేదా? రోజూ ఒకరే కళ్లప్పగించి చూస్తే చూసేవాళ్లకే పోతుందండీ. గంటలు పెంచితే ఇంకా తొందరగా పోతుంది." ఫీజు తారీఖు గుర్తుచేసినంత మామూలుగా చెప్పిందామె. "ఇచ్చేయొచ్చు లెండి. కొన్నాళ్లు మీరు చేయండి, ఆద్యని కూర్చుని చూడమనండి."

ఆ సాయంత్రం కుర్చీ కూతురికిచ్చి, దివాకర్ ప్యాంటు మడిచి పళ్లెం ఎక్కాడు. నలభై ఆరేళ్ల మోకాళ్లు, ముందుకొచ్చిన పొట్ట. అయినా కాళ్లకి అన్నీ తెలుసు. అద్దంలో చూసుకుంటే ముందు సిగ్గేసింది, వెంటనే సంతోషమూ వేసింది. కుర్చీకి అతుక్కుపోయి ఏళ్లు గడిపిన ఒళ్లు అది.

"చూస్తున్నావామ్మా?"

తలతిప్పాడు. ఆద్య కుర్చీలో కాళ్లు ముడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. నిద్ర కాదు, రెప్పలు అదురుతున్నాయి.

"కళ్లు తెరువు. చూడకపోతే నీకు రాదు."

"తెలుసు నాన్నా. నాకు బ్యాక్ వద్దు. నువ్వే కీప్ చేస్కో."

"పోటీకి ఎన్నాళ్లుందని? పోయినేడాదిలాగే నాలుగో..."

"ఫోర్త్ వచ్చినప్పుడు నేను హ్యాపీ నాన్నా. నువ్వే సాడ్." కళ్లు తెరవకుండానే అంది. "ఐయామ్ సో టైర్డ్. నువ్వు బాగా చేస్తున్నావు. సౌండ్‌లో తెలుస్తుంది."

అతనికి కోపమొచ్చింది. వదులుకున్న వీకెండ్లు, చేసిన డ్రైవింగ్, అన్నీ నోటిదాకా వచ్చాయి. అప్పుడు ఆ రెప్పల కింద నల్లగా పట్టిన చారలు కనపడ్డాయి. రోజూ ఎదురుగా కూర్చుని చూసినవాడికి అవి ఇన్నాళ్లూ కనపడలేదు. పోటీలోంచి ఆద్య పేరు తీసేయమని చంద్రికకి అక్కడే నిలబడి మెసేజ్ పెట్టాడు.

"సరే, పడుకో," అన్నాడు.

ఆద్య నిజంగానే నిద్రపోయింది. దివాకర్ పిల్ల లేవకుండా, పళ్లెం గట్టిగా చప్పుడు కాకుండా, తరంగం మొదటి నుంచి చివరిదాకా ఒక్కడే ఆడుకున్నాడు.

ఆద్య ఖాళీ చేసిన చోటు అలా పోనివ్వడం ఇష్టంలేక, చంద్రిక అతని పేరు పెద్దల విభాగంలో రాయించింది. పోటీ రోజు తండ్రి కాళ్లకి గజ్జెలు కట్టింది ఆద్యే. కట్టేసి, హాలు తలుపు బయట నేలమీద చతికిలబడింది.

"లోపలికి రా. ఒక్కసారి చూస్తే ఏం పోదులే," అన్నాడు దివాకర్.

"నో నాన్నా. రిస్క్ ఎందుకు? నీది నీ దగ్గరే ఉండాలి."

లోపల అతని పేరు పిలిచారు. వరసలనిండా అమ్మానాన్నలు ఫోన్లు పైకెత్తి చూస్తున్నారు. దివాకర్ పళ్లెం ఎక్కి, తలుపు అవతలికి కూడా వినపడేలా, మొదటి అడుగు కాస్త గట్టిగానే వేశాడు.