మరిచిపోయిన కళ్లద్దాలు

ఆ ఆదివారం పొద్దున ఆకాశం బియ్యం కడిగిన నీళ్ల రంగులో ఉంది. వాన పడేటట్టు లేదు, ఎండ వచ్చేటట్టూ లేదు. ఏప్రిల్ చివర, రోడ్ల మీద వడ్లు ఆరబోసుకున్నవాళ్లంతా తలలు పైకెత్తి చూస్తున్నారు. నేను వాకిలి చల్లుతుంటే అరుగు మీది నుంచి మా ఆయన శ్రీకాంత్ కేకేశాడు.

"ఏయ్, పేపరొచ్చింది. జర వచ్చి సదువు. అద్దాలు ఏడ వెట్టిన్నో దొరుకుతలెవ్వు."

"చేతులు తడిగున్నయి" అన్నాను.

పదహారేళ్లుగా నా పొద్దు ఆయన "వచ్చి సదువు" తోనే మొదలవుతోంది. పెళ్లైన కొత్తలో అద్దాల మాట లేదు. "నీ గొంతుతోటి వింటే వార్త గుడ మంచిగుంటది" అనేవాడు. సిగ్గుపడుతూ చదివేదాన్ని. మా అక్కలు తమ మొగుళ్లు కొనిచ్చిన గొలుసులు చూపిస్తే, నేను ఈ మాట చెప్పుకునేదాన్ని. నలభై దగ్గరపడ్డాక ఆయన అద్దాలు కొనుక్కున్నాడు. కొన్న మరునాటి నుంచే అవి పోవడం మొదలుపెట్టాయి.

పేపరు కింద ఇంకో కాగితం ఉంది. కోదాడలోని ఒక హాస్టల్ బడి దరఖాస్తు. ఆ బడికి పిల్లల్ని చేర్పించే యేసయ్య సారు నిన్న సాయంత్రం వచ్చి ఇచ్చిపోయాడు. ఈ రోజు మధ్యాహ్నం వచ్చి తీసుకుంటానన్నాడు. అది నింపితే మా మనీషా జూన్ నుంచి అక్కడే ఉంటుంది. దానికి పన్నెండేళ్లు. "మా దగ్గర మొద్దు పిల్లలుండరు మేడమ్ గారూ. పొద్దున నాలుగున్నరకే లేపేస్తామండి. బెత్తమంటే బెత్తమే. ఏడాది తిరిగేసరికి మీ అమ్మాయిని మీరే గుర్తుపట్టలేరు" అన్నాడు యేసయ్య సారు, టీ తాగుతూ. ఆ మాటకు మా ఆయన ముఖం వెలిగింది. నేను టీ పళ్లెం ఎత్తుకుని లోపలికి వచ్చేశాను.

మనీషాకు చదవడం పట్టుబడదు. ఒక్కసారి వింటే పాఠమంతా అప్పజెబుతుంది. పుస్తకం ముందు పెడితే మాత్రం పైపెదవి మీద చెమట పడుతుంది. ఒత్తులు జారిపోతాయి, ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి దూకుతుంది. దీనికి మా ఇంట్లో కారణం ఎప్పుడో తేల్చేశారు. "మా వంశంల ఇసుంటి మొద్దులు పుట్టలే. మీ అమ్మగారింటి పోలిక" అంటుంది మా అత్తమ్మ రుక్కమ్మ. మా ఆయన ఎరువుల దుకాణం ముందు నలుగురు కూర్చుంటే చాలు, టీచరుద్యోగం చేసే నా మీద అదే పాట ఎత్తుకుంటాడు. "మా పంతులమ్మ ఊరోళ్ల పిల్లలను కలెక్టర్లను జేస్తది. సొంత బిడ్డకు మాత్రం గుణింతం రాదు. గవర్నమెంటు జీతమిస్తున్నది గదా, గాడనే చెప్తది, గీడ ఫిరీ." అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

నా బడి పెన్‌పహాడ్ మండలంలో ఒక చిన్న ఊళ్లో. మూడో తరగతిలో గొర్లకాపరి బీరప్ప బిడ్డ గోపిక ఉంది. మొదట్లో నాలుగు నిమిషాలు కూడా కూర్చునేది కాదు. కిటికీ అవతల కుక్క మొరిగితే దాని చదువు అక్కడితో ఖతం. తిట్టి చూశాను, మూలకు కూర్చోబెట్టి చూశాను. కాలేదు. అప్పుడు కిటికీకి దూరంగా, నా కుర్చీ పక్కన కూర్చోబెట్టాను. పది వాక్యాలకు బదులు రెండే ఇచ్చాను. రెండు కాగానే లేచి అందరికీ పలకలు పంచమన్నాను. పలకలు పంచి వచ్చి మళ్లీ రెండు రాసేది. మిర్యాలగూడ మిల్లు నుంచి మా బర్రెలకు తెచ్చే తవుడు ఇంత పట్టుకుపోయి పళ్లెంలో పరిచి, అందులో వేలితో అక్షరం దిద్దించాను. వేలు నేర్చుకున్నది కంటికి నెమ్మదిగా ఎక్కింది. పాత పెళ్లిపత్రిక అట్టకు మధ్యలో సన్నగా కిటికీలాగా కోసి ఇచ్చాను. పేజీ మీద పెడితే ఒక్క వరుసే కనిపిస్తుంది, మిగతా అక్షరాలన్నీ అట్ట కింద అణిగి ఉంటాయి. సంక్రాంతి సెలవులకు ముందు ఒకరోజు గోపిక కథ మొత్తం చదివేసి, "ఇంకోటి ఇయ్యి టీచర్" అంది. ఆ రోజు బస్సులో నాకు సీటు దొరకలేదు. సూర్యాపేట దాకా నిలబడే వచ్చాను. కాళ్ల నొప్పే తెలియలేదు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అత్తమ్మ, "బర్రెలు తినే తవుడు పిల్లలకు వెడుతున్నదట, ఇనుండ్రి" అని పక్కింటికి వినపడేలా నవ్వింది.

మరి సొంత బిడ్డకు ఆ పళ్లెం ఎందుకు పెట్టలేదని అడిగితే సాయంత్రాల లెక్క చెబుతాను. ఆరింటికి ఇల్లు చేరతాను. పొయ్యి, పాలు, అత్తమ్మ కాళ్లకు నూనె. ఎనిమిదింటికి అరుగు మీద మనుషులు తయారు. మా ఆయన నాలుగూళ్లకు పెద్దమనిషి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని ఒకరు, పాస్‌బుక్కులో పేరు తప్పు పడిందని ఇంకొకరు. ఆయన గంభీరంగా వింటాడు. "మా ఆమె రాస్తది, రేపు నేను సంతకం వెట్టి ఇస్త" అంటాడు. వాళ్లు ఆయనకు దండం పెట్టి పోతారు. నేను రాస్తాను. పక్కన మనీషా పుస్తకం తెరిచి పెట్టుకుని, నా చేయి ఖాళీ అయ్యేదాకా చూసి చూసి, చాపమీద నిద్రపోయేది. నలుగురి గోడూ నా చేతిమీదుగా ఆఫీసులకు చేరింది. నా పిల్ల చదువు ఒక్కటే చేరలేదు.

జనవరిలో సూర్యాపేటలో మాకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. చదవడంలో ఇబ్బంది పడే పిల్లల గురించి. ఇది తెలివితక్కువ కాదని, అక్షరాన్ని పట్టుకునే దారే వాళ్లకు వేరుగా ఉంటుందని, చాలాసార్లు తల్లిదండ్రుల నుంచి వస్తుందని చెప్పారు. నోట్‌బుక్కులో ఒక పేజీ గోపికకు, ఒక పేజీ మనీషాకు రాసుకున్నాను. చివర్లో శిక్షణ ఇచ్చే సారు, ఇది పట్టించుకోకుండా పెరిగిన పెద్దవాళ్లు ఎలా ఉంటారో చెప్పాడు. మాటకారులై ఉంటారు. వంద ఫోన్ నంబర్లు నోటికి చెబుతారు. కాగితం చూస్తే కోపమొస్తుంది. ఎవరితోనైనా చదివించుకుంటారు. "ఎప్పుడడిగినా అద్దాలు మరిచిపోయామంటారు" అన్నాడు. గది అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే రాసుకున్నాను.

ఫిబ్రవరిలో మనీషా బడి నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, మీ పాపకు అద్దాలు ఇచ్చి పంపుండ్రి. చదవమన్నప్పుడల్లా ఇంట్ల మర్చిపోయిన అంటున్నది."

మనీషాకు అద్దాలు లేవు.

సాయంత్రం అడిగాను. బర్రెల కొట్టం దగ్గర గోడకు ఆనుకుని నిలబడి, కాలి బొటనవేలితో నేల గీస్తూ చెప్పింది. "నాన గట్లనే అంటడు గద మమ్మీ. గట్లంటే ఎవ్వలు తిట్టరు." తర్వాత నా ముఖంలోకి చూసి, "నానకు గుడ అక్షరాలు నిలవడయి. గందుకే నిన్ను సదవమంటడు. నీకు తెల్వదా?" అంది.

నాకు తెలియదు. పిల్లలకు చదువు చెప్పి బతికేదాన్ని, పక్కన పడుకునే మనిషికి చదువు రాదని పదహారేళ్లు కనిపెట్టలేకపోయాను. పురుగుమందు డబ్బాలను రంగుతో గుర్తుపడతాడని, పెళ్లిపత్రిక చేతికిస్తే తిప్పి చూసి "ముహూర్తం ఎన్నింటికే?" అంటాడని, అన్నీ చూశాను. చూసి, ప్రేమ అనుకున్నాను. నీ గొంతుతోటి వింటే మంచిగుంటది. ఆ ఒక్క మాటను తీసి చూస్తే కింద ఏమీ లేదు. ఒక అవసరం ఉంది, అంతే.

రెండు రోజులు ఆయన మీద జాలి వేసింది. చిన్నప్పుడు బడి సారు తన మెడలో పలక కట్టి, కొడుతూ ఊరంతా తిప్పాడని నవ్వుతూ చెబుతుంటాడు, "గా దెబ్బలే నన్ను మనిషిని జేసినయి" అని. ఆ నవ్వు వెనక ఏముందో అప్పుడు అర్థమైంది. మూడో రోజు మనీషా రాసిన పేజీని పట్టుకుని, చదవకుండానే, చుట్టచుట్టి పిల్ల తలమీద కొట్టాడు. "మొద్దు మొకందానా!" అక్షరాలు ఎలా పారిపోతాయో ఈ ఇంట్లో మనీషా తర్వాత తెలిసినవాడు ఆయనొక్కడే. తెలిసీ కొట్టాడు. నా జాలి ఆ రోజుతో ఎండిపోయింది.

ఆ ఆదివారం పదకొండింటికి ఆయన దరఖాస్తు పట్టుకుని వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

"ఇగో, గీ ఫారం నింపు. యేసయ్య సారు వచ్చే టైమైంది."

పప్పు దించి, చేతులు తుడుచుకుని, కొయ్యకున్న ఆయన చొక్కా జేబులోంచి అద్దాలు తీసుకొచ్చాను. దరఖాస్తు మీద పెట్టాను. పక్కన పెన్ను పెట్టాను.

"మీరే నింపుండ్రి."

"పనుంది నాకు. నువ్వు నింపు."

"బిడ్డను పంపేది మీరు. మీ చేతితోనే రాయుండ్రి. పదహారేండ్లు మీరు చెప్పినవన్నీ రాసిన. ఇది రాయను. రేపటి సంది అరుగు మీదోళ్ల దరఖాస్తులు గుడ రాయను. ఆ గంట మనీషాది."

"ఏందే, నోరు లేస్తున్నది?"

మంచం మీది నుంచి అత్తమ్మ అందుకుంది. "ఒక్క కాయితానికి గిన్ని నకరాలా? నా కొడుకుకు సదువు రాదనుకున్నదేమో పంతులమ్మ! నువ్వే నింపురా సీకాంతూ. దీని మొకాన కొట్టినట్టు నింపు."

ఆయన తల్లి వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు. నాకు తెలుసని ఆయనకు అప్పుడు తెలిసింది. అరుగు మీదికి పోయి కూర్చుని అద్దాలు పెట్టుకున్నాడు. మొదటి వరుస కింద వేలు పెట్టాడు. వేలు కదల్లేదు. పెదవులు కదిలాయి. చాలాసేపు. ఆయన పైపెదవి మీద చెమట పట్టింది, అచ్చం మనీషాకు పట్టినట్టే. చూసి సంతోషపడతాననుకున్నాను. సంతోషం రాలేదు.

లోపలి నుంచి మనీషా వచ్చింది. నెల కింద నేను కోసిచ్చిన పెళ్లిపత్రిక అట్ట దాని చేతిలో ఉంది. నాయన పక్కన కూర్చుని, దాన్ని దరఖాస్తు మీద పెట్టి, మొదటి వరుస దగ్గరికి జరిపింది.

"గిట్ల వెట్టుకో నానా. ఒక్క లైనే కనవడతది. అప్పుడు కదలయి."

అత్తమ్మ కొడుకును, మనవరాలిని, ఆ అట్టను మార్చి మార్చి చూసింది. ఇక ఆ రోజు పోలికల మాట ఎత్తలేదు.

ఆయన తల ఎత్తలేదు, అట్టను తోసేయనూ లేదు. యేసయ్య సారు నుంచి ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. నేను అన్నం వార్చి బయటికొచ్చి చూసేసరికి, విద్యార్థి పేరు అన్న చోట 'మ' అని ఒక్క అక్షరం ఉంది. ఒకటో తరగతి పిల్ల రాసినంత పెద్దగా, గడి దాటి. దాని తర్వాత ఏమీ లేదు.

నాలుగు కంచాలు పెట్టాను. అందరూ తిన్నాక తినే అలవాటు నాది. ఆ రోజు వాళ్లతోపాటే కూర్చున్నాను. వడ్డించమని ఎవరూ అనలేదు. అత్తమ్మ తనే చేయి చాపి పప్పు వేసుకుంది. అరుగు మీద పేపరు విప్పని మడతతో అట్లాగే పడి ఉంది. అన్నం తిన్నంతసేపూ ఆయన అద్దాలు తీయలేదు.