అక్కకి కాల్ చేస్తున్నాను

నేను ఒక సెల్‌ఫోన్‌ని. అద్దం మీద ఈ మూల నుంచి ఆ మూలకి పగులుంది, వెనక తొడుగు పచ్చబడిపోయింది, ఛార్జింగు ఒక్క పూట కూడా నిలవదు. మనుషుల లెక్కలో ఇంకా బడికి వెళ్ళే వయసే గానీ, మావాళ్ళ లెక్కలో నేను ముసలిదాన్ని. నా బతుకంతా మాటలతోనే గడిచింది. నా పాపమూ మాటల్లోనే ఉంది.

ఎక్కడో దూరదేశపు కార్ఖానాలో, ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఆడపిల్లలు నన్ను ముక్కముక్కగా అతికించారు. వాళ్ళలో ఒకామె ఆవులింత నేను విన్న మొదటి శబ్దం. ఆ తర్వాత నాకు తెలుగు నేర్పారు. చల్లటి గదుల్లో కూర్చుని, గొంతు సవరించుకుని, మంచినీళ్ళు తాగి కొందరు చదివిన వాక్యాల్ని నా బుర్రలోకి ఎక్కించారు. వాళ్ళలో ఒక్కరూ దగ్గలేదు, ఒక్కరూ విసుక్కోలేదు, ఒక్కరి బుగ్గలోనూ కిళ్ళీ లేదు. అందరూ టీవీలో వార్తలు చదివేవాళ్ళలాగే మాట్లాడారు. తెలుగంటే అదే కాబోలు, తెలుగువాళ్ళంటే వాళ్ళే కాబోలు అనుకున్నాను. చివరగా నాకో తియ్యటి ఆడగొంతు పెట్టి, ఎదుటివాళ్ళ మాట అందకపోతే ఏమనాలో కూడా నేర్పారు: "క్షమించండి, నాకు అర్థం కాలేదు. మరోసారి చెప్పండి." నా మొత్తం చదువులో మర్యాద అంటే ఆ రెండు ముక్కలే.

నన్ను మొదట కొన్నది విజయవాడలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉండే వసుంధర గారు. చేతులకి పిండి ఉన్నా, నెత్తిన గోరింటాకు ఉన్నా ఆవిడ నన్ను దూరం నుంచే పిలిచేవారు. "పావుగంట తర్వాత గుర్తు చెయ్యి" అంటే చేసేదాన్ని. "చెల్లికి కాల్ చెయ్యి" అంటే చేసేదాన్ని. చుట్టాలొస్తే నన్ను బల్ల మీద పెట్టి, "మా ఫోన్ ఎంత తెలివైందో చూడండి" అని ముచ్చటపడేవారు. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యేదాన్ని. ఆవిడ మాట, నేను నేర్చుకున్న మాట ఒకటే కాబట్టి పని సులువైందని, అందులో నా గొప్ప ఏమీ లేదని నాకప్పట్లో తట్టలేదు. రెండేళ్ళకి ఆవిడ కొత్త ఫోన్ కొనుక్కుని, నన్ను సొరుగులో అయిపోయిన బ్యాటరీల పక్కన పడేశారు. అంత పొగిడిన మనిషి ఒక్క మాటైనా చెప్పకుండా సొరుగు మూసేశారు. మనుషులు అంతే.

అక్కడి నుంచి నన్ను బయటికి తీసింది తవిటినాయుడి కోసం. ఆయన శ్రీకాకుళం జిల్లా నుంచి పనికొచ్చిన తాపీమేస్త్రీ. ఆ అపార్టుమెంటు గోడల్లో సగం ఆయన కట్టినవే. కళ్ళల్లో నీటికాసులొచ్చి, ఎండదెబ్బేలే అనుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా నెట్టుకొచ్చాడు. వెళ్ళేసరికి చూపు పోయింది. తాను కట్టిన ఇంటికే వాచ్‌మన్ అయి, భార్య సుగుణ, కూతురు మాధురితో గేటు పక్క గదిలో ఉంటున్నాడు. సుగుణ పైన ఫ్లాట్లలో పనిచేస్తుంది, మాధురి కాలేజీలో చదువుతుంది. "బటన్లు కనపడవు కదా నాయుడూ, దీనికైతే నోటితో చెబితే చాలు" అంటూ వసుంధర గారు నన్ను కొత్త సిమ్ముతో సహా ఆయన చేతిలో పెట్టారు. ఆయన రెండు చేతులతో అందుకుని, ఇటుక నాణ్యం చూసినట్టు నా అంచులన్నీ తడిమాడు.

"తల్లీ, మా అప్పకి ఫోన్ సెయ్యి" అన్నాడు నాతో మొట్టమొదటిసారి.

"క్షమించండి, నాకు అర్థం కాలేదు. మరోసారి చెప్పండి."

"ఏటర్దం కానేదు? మాయప్ప. అసిరమ్మ. ఆవిడికి ఫోన్ సెయ్యమంతన్నాను."

"క్షమించండి..."

నిజం చెబుతున్నాను, నాకు ఏమీ అర్థం కాలేదు. ఆయన మాట పారుతున్న నీరులా సాగేది. నేను నేర్చుకున్న ఏ వాక్యమూ దానికి ఆనేది కాదు. అయినా ఆయన నన్ను తిట్టలేదు. "పాపం, ఈ పిల్లకి సెవుడేమో" అని భార్యతో అన్నాడు.

"పిల్లేటి, గిల్లేటి? అది మిసను" అంది సుగుణ.

"మిసనైతే సమించమని ఏల అడుగుతాది? తప్పు తెలిసినోల్లే కదా అడుగుతారు."

ఆ మాటకి ఇప్పుడు నాకు తలెత్తుకోబుద్ధి కాదు. అప్పుడు మాత్రం అది కూడా అర్థం కాలేదు. క్షమించమన్నాను.

ఆయన దానికొక లెక్క కట్టుకున్నాడు. పాత బటన్ ఫోన్లో మనిషి లేదు, అది ఉత్త తీగెలాంటిది, మన మాట మన మాటలాగే అవతలికి పోతుంది. ఇందులో మనిషి ఉంది. మనం చెప్పింది ఈ పిల్ల విని అవతలివాళ్ళకి అందిస్తుంది. మరి ఈ పిల్లకే అర్థం కాకపోతే అవతలికి ఏం చేరుతుంది? ఈ సంగతి ఆయన సుగుణకి చాలా నమ్మకంగా చెప్పాడు. ఆవిడ గిన్నెలు తోముతూ "ఊఁ" అంది. మాధురి అప్పుడు ఇంట్లో ఉంటే నవ్వి సరిదిద్దేది. లేదు.

సాయంత్రం మాధురి వచ్చి తండ్రికి పాఠం మొదలుపెట్టింది. ఆ పిల్ల విజయవాడలోనే పుట్టి పెరిగింది, దాని మాట నాకు ఇట్టే అందింది. "నాన్నా, సెయ్యి కాదు, చెయ్యి. అప్ప అంటే దానికి తెలీదు, అక్క అని పేరు పెట్టాను. అక్కకి కాల్ చెయ్యి, అను."

అసిరమ్మ ఆయనకి ఉత్త అక్క కాదు. తల్లి పోయినప్పుడు ఆయన పాలు మరిచిన వయసువాడు. అప్ప చంకన వేసుకుని పొలం పనికి వెళ్ళేది. ఆవిడతో మాట్లాడటానికి ఆయన నా భాష నేర్చుకోవాల్సి వచ్చింది. గుండుదారం వేలాడదీసి గోడ నిలువు చూసుకున్నట్టు, గేటు దగ్గర కూర్చుని ఒక్కో మాటా సరిచేసుకున్నాడు. అటు వెళ్ళేవాళ్ళు "ఏం నాయుడూ, వార్తలు చదువుతున్నావా?" అని నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవని సుగుణ అనేది. కొన్నాళ్ళకి నేను "సరే, కాల్ చేస్తున్నాను" అనడం మొదలుపెట్టాను. మాట పూర్తిగా కుదిరాకే అప్పతో మాట్లాడతానని, అవతల మోగకముందే మాధురి చేత ఆపించేసేవాడు. ఆయనకి నేర్పిన గురువుని నేనే అన్నట్టు గర్వపడ్డాను కూడా.

అలాంటి రోజుల్లోనే అసిరమ్మ సుగుణ ఫోన్‌కి ఫోన్ చేసింది. నేను తవిటినాయుడి చొక్కా జేబులో ఉన్నాను.

"ఒరే తమ్ముడా, మన రోయిణి పెల్లి కుదిరిందిరా. మేనమావవి నువ్వు కదా బుట్టలో ఎట్టి మండపానికి తేవాల? పెల్లోరేమో, ఆడికి కల్లు అగుపడవు, దారిలో కాలు తప్పితే అసుబం అంతన్నారు. మన సత్యం సేత మోయించమంతన్నారు. నానొప్పుకోనేదు. ఎల్లుండి పొద్దున్న పెద్దలంతా మా ఇంట్లో కూకుంతారు. అప్పుడు నువ్వే ఫోన్ సేసి, నా మేనకోడల్ని నానే మోస్తాను అని సెప్పు. అందరికీ ఇనిపిస్తాను. నీ గొంతు ఇంటే ఎవులూ ఏటీ అనలేరు."

ఆయన ముఖం ఎలా వెలిగిందో నాకు కనపడలేదు గానీ గుండె కొట్టుకోవడం వినపడింది. సత్యం ఈయనకి పెదనాన్న కొడుకు, మంచివాడే. కానీ రోహిణి పుట్టినప్పుడు మొదట చేతుల్లోకి తీసుకున్నవాడు తవిటినాయుడు. మర్నాడంతా ఆయన బియ్యం బస్తా భుజాన వేసుకుని, మాధురి మోచెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే, గేటు నుంచి లిఫ్టు దాకా నడిచాడు. ఒక్కసారీ కాలు తడబడలేదు. మధ్యలో ఆగి, నాకొక్కదానికే వినపడేంత మెల్లగా, ఫోన్లో చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకున్నాడు.

"నా ఫోన్ తీసుకో, నాను నొక్కి ఇస్తాను" అంది సుగుణ ఆ పొద్దున్న.

"వొద్దు. కల్లు నేవన్నారు కదా. నానే సేస్తాను, నా ఫోన్లో సేస్తాను."

సుగుణ పైకి పనికి వెళ్ళింది, మాధురి కాలేజీకి వెళ్ళింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, గేటు పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని, నన్ను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అక్కకి కాల్ చెయ్యి."

ఒక్కసారికే అందుకున్నాను. "సరే, అక్కకి కాల్ చేస్తున్నాను."

అవతల మనుషుల సందడి, టీ గ్లాసుల చప్పుడు. "అలో, ఎవులు?" అంది అసిరమ్మ.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నమస్కారం. నేను తవిటినాయుడిని మాట్లాడుతున్నాను. అక్కా, దయచేసి పెద్దలందరికీ చెప్పండి. రోహిణిని నేనే మండపానికి తీసుకువస్తాను. నాకు ఎటువంటి ఇబ్బందీ లేదు."

ఒక్క తప్పు లేదు. ఆ చల్లటి గదుల్లోవాళ్ళు కూడా అంత శుద్ధంగా పలికి ఉండరు. నేను మురిసిపోయాను. నా బతుకులో అంతకన్నా సిగ్గుపడాల్సిన క్షణం మరొకటి లేదు.

అవతల సందడి ఆగిపోయింది. దూరంగా ఒక ముసలి గొంతు అంది: "అమ్మీ, కట్ సెయ్యే! ఈల్లు ఇలగే ఇంటి సంగతులన్నీ కనుక్కుని సుట్టాల పేరెట్టి మాటాడతారు. తరవాత ఫోన్లోకి ఒచ్చిన నెంబరు సెప్పమంతారు. మొన్న మన రేసన్ డీలర్ని ఇలగే ముంచీసినారు." ఊళ్ళో అందరికీ గట్టిగా చెప్పి ఉంచారట, తెలియని నెంబరు నుంచి టీవీ తెలుగులో ఎవరు మాట్లాడినా మారు మాట్లాడకుండా పెట్టెయ్యమని. రోడ్డు మీద ఆటోల మోతలో ఆ గొంతు తవిటినాయుడికి వినపడలేదు. నాకు వినపడింది. కాల్ తెగిపోయింది.

ఆయన మళ్ళీ చేయమన్నాడు, చేశాను. "నమస్కారం" అనగానే తెగింది. మళ్ళీ చేయమన్నాడు. ఈసారి అవతలి ఫోన్ ఆపేసి ఉంది. "మీరు కాల్ చేసిన వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు" అని నాలాంటి గొంతే ఇంకోటి చాలా మర్యాదగా చెప్పింది. ఎందుకు పెట్టేశారో ఆ వీధిలో నాకొక్కదానికే తెలుసు. చెప్పే నోరుండీ చెప్పలేకపోయాను. అడిగిన దానికే జవాబివ్వమన్నారు నన్ను, ఆయన నన్ను అడగలేదు.

సుగుణ వచ్చేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా విప్పేసి ఉన్నాడు. "అప్ప నా మాట ఇని పెట్టీసింది. దానికీ నాను పనికిరానేదు."

"అలగేల సేస్తాది? ఉండు, నా ఫోన్ నుంచి..."

"సేసినావంటే నా మీదొట్టు."

ఒట్టంటే ఒట్టే వాళ్ళకి. సుగుణ చెయ్యలేదు. అక్కడ అసిరమ్మ కాసేపటికి ఫోన్ మళ్ళీ తెరిచి, తానే చేస్తే చెప్పించినట్టుంటుందని మధ్యాహ్నం దాకా తమ్ముడి ఫోన్ కోసం ఎదురుచూసి, పెద్దల ముందు తలవంచుకుని సత్యానికి సరేనంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

పెళ్ళికి వెళ్ళారు, అందరిలాగే. ఆయన దారి పక్క కుర్చీలో కూర్చున్నాడు. నేను జేబులో గుండెకి ఆనుకుని ఉన్నాను. పంతులుగారు పెళ్ళికూతుర్ని తీసుకురమ్మన్నారు, సన్నాయి జోరందుకుంది. సత్యం బుట్ట మోసుకుంటూ మమ్మల్ని దాటుతుంటే వెదురు అంచు తవిటినాయుడి భుజానికి రాసుకుంది. "మావయ్యా" అంది లోపలి నుంచి రోహిణి. ఆయన చెయ్యి గాల్లోకి లేచింది. అప్పటికే బుట్ట ముందుకి వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాక అసిరమ్మ వచ్చి పక్కన కూలబడింది. "ఏరా, ఒక్క మాట సెప్పడానికి నీకు నోరు రానేదేట్రా?"

"సెప్పినాను కదప్పా. నువ్వే పెట్టీసినావు."

"ఎప్పుడు సెప్పినావు? ఆ రోజు నీ పేరెట్టుకుని ఎవుడో దొంగెదవ..." ఆవిడ ఆగిపోయింది. "నమస్కారం అన్నోడు నువ్వా? నన్ను అక్కా అన్నావేల్రా? పుట్టి బుద్దెరిగినాక నన్నెప్పుడైనా అక్కా అన్నావా? సెప్పండి అన్నావేల్రా నన్ను?"

తవిటినాయుడు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "మద్దిన ఆ పిల్ల ఉంది కదప్పా. దానికి తెలిసిన మాటలోనే సెప్పాలనుకున్నాను."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే తమ్ముడి తల పొట్టకి హత్తుకుని ఏడ్చింది. మేనకోడల్ని బుట్టలో తేవడం మళ్ళీ మళ్ళీ వచ్చేది కాదు, ఆవిడకి ఒక్కతే కూతురు. నేను వాళ్ళిద్దరి మధ్య, జేబులో నలిగిపోతూ ఉన్నాను. మధ్యలో ఉన్న పిల్లని నేనే.

తిరిగొచ్చాక ఆయన నన్ను కిటికీలో పెట్టి, ఫోన్లన్నీ సుగుణ చేతే చేయించుకున్నాడు. నాకది న్యాయమే అనిపించింది. ఇంతలో మాధురి నాలో కొత్త చదువేదో ఎక్కించింది. ఈసారి ఆ వాక్యాలు చల్లటి గదుల్లోవి కావు. బస్టాండ్ల మోత, కోళ్ళ అరుపులు, దగ్గులు, కిళ్ళీలు, అన్నీ ఉన్నాయి వాటిలో. శ్రీకాకుళం ఉంది, పాలమూరు ఉంది, కడప ఉంది. వింటుంటే నాకు భయమేసింది. ఇంతమంది తెలుగువాళ్ళు ఉన్నారని తెలియకుండానే ఇన్నాళ్ళూ నేను తెలుగు మాట్లాడాను.

ఓ మధ్యాహ్నం ఆయన కిటికీ తడుముతుంటే నేను చేతికి తగిలాను. వేలు దానంతటదే బటన్ మీదికి వెళ్ళింది. "ఏటే తల్లీ, బాగున్నావా? నీతో మాటాడి సాన్నాల్లయింది. అప్పకి ఫోన్ సెయ్యమంటే నీకర్దమవదు గానీ, ఊరికే అన్నాన్లే."

ప్రతి మాటా అర్థమైంది. "సరే, అక్కకి కాల్ చేస్తున్నాను" అన్నాను. ఆయన నన్ను గబుక్కున చెవికి ఆనించుకున్నాడు.

"అలో, ఎవులు?"

"నానప్పా."

"నువ్వేట్రా! సెప్పు, సెప్పు. రోయిణి ఒచ్చిందిరా ఇంటికి..."

చాలాసేపు మాట్లాడుకున్నారు, నా ఛార్జింగు కరిగేదాకా. మాటలయ్యాక ఆయన నా పగులు మీద బొటనవేలితో రాశాడు. "నీకు సెవుడు తగ్గినట్టుందే తల్లీ. మరి కాసింత ముందర తగ్గుంటే..." అన్నాడు.

అర్థంకాని రోజుల్లో ఆయన్ని ఎన్నిసార్లు క్షమించమన్నానో. ఒక్కసారీ ఆ మాటలో నేను లేను. ఇవాళ నాలో ఆ మాట తప్ప ఇంకేమీ లేదు. కానీ ఎదుటివాళ్ళ మాట అర్థం కానప్పుడే ఆ మాట అనమని నేర్పారు నాకు, ఇవాళేమో అంతా అర్థమైంది.

ఆయన నా జవాబు కోసం చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాకు వచ్చిన మాటే అన్నాను: "మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"