ఎర్రదారం కట్టిన సొరకాయ

కూరలక్క నాలుగంతస్తులు ఎక్కివచ్చి గుమ్మంలోనే చతికిలబడింది. ఆ ఇంటాయన లిఫ్టు మెకానిక్కు; అతను ఉండే చోటే లిఫ్టు పనిచేయడం లేదు. ఇదివరకైతే దానిమీద ఎన్ని వేళాకోళాలాడేదో! ఇవాళ ఆ ఊసే ఎత్తలేదు.

"చెల్లి పోయిందని మొన్ననే తెలిసింది మరిదీ," అంది.

అతను మంచినీళ్ళిచ్చాడు. పోయిన అతని భార్య ఆమెను 'అక్కా' అని పిలిచేది కనుక, వరస కలుపుకుని అతనికి ఆమె వదినగారు.

నగరం చివర ఆమెకు కూరపాదుల మడి ఉండేది. తెల్లవారుతూనే కోసి, ఎండ ఎక్కకముందే గుమ్మంలో బుట్ట దించేది. "లారీ ఎక్కొచ్చిన కాయకి ఊరూ పేరూ ఉండవు చెల్లీ. నా కాయ చేదైతే తిట్టడానికి నేనున్నాను," అనేది. నిరుడు ఆ మడిమీద రోడ్డు పడింది. ఆఖరిరోజున ఆమె గుప్పెడు సొరగింజలు చెల్లి చేతిలో పోసింది. చెల్లి వాటిని డాబామీద పాత రంగుడబ్బాల్లో నాటింది.

"కాలువ అవతల అరెకరం కౌలుకి దొరికింది," అంది కూరలక్క. "మా విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. ఆస్పత్రికి పోయే ముందురోజు చెల్లి ఫోన్ చేసింది. 'నీ విత్తనం కోసం ఒక పిందెకి, కొయ్యకుండా గుర్తుగా ఎర్రదారం కట్టానక్కా, తీగమీదే ఎండనిస్తాను' అంది. ఎండటానికి ఇంకా నెలపైనే పడుతుందనుకో. ఒకసారి కళ్ళారా చూసి పోతాను."

అతను చొక్కా జేబు తడుముకున్నాడు.

భార్యను ఆస్పత్రిలో చేర్చిన రెండు వారాల తరువాత నిన్ననే డాబా ఎక్కాడు. ఇన్నాళ్ళూ నీళ్ళు పోసిన దిక్కు లేక తీగ ఎండిపోయింది. ఒక్క కాయ మిగిలింది. తోటపనిలో భార్య అతనికి నేర్పింది ఒకే ఒక్క ముక్క: "గోరు గుచ్చి చూడు. దిగితే కొయ్యి." గుచ్చాడు. దిగింది. కాడకున్న ఎర్రదారం, కాయ గాలికి ఊగకుండా కట్టిందనుకున్నాడు.

"కోసేశాను వదినా," అన్నాడు. "వండేశాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "గింజలు?"

"లేతవి. కూరలోనే ఉన్నాయి."

"తీగకి ఇంకో పిందె..."

"లేదు. నేను నీళ్ళు పొయ్యలేదు."

అతను చొక్కా జేబులోంచి ఎర్రదారం తీశాడు. నిన్న ముడి విప్పబుద్ధి కాక, కోసిన కాడ మీంచి జాగ్రత్తగా జార్చి దాచుకున్నాడు దాన్ని. కూరలక్క ఆ ముడిని వేలితో తడిమింది.

"గట్టిగానే కట్టింది," అంది.

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేసి వెళ్ళిపోయారు. ఆమె లేచి, చేతులు కడుక్కుని వచ్చింది.

"ఏమన్నా మిగిలిందా?"

అతను ఫ్రిజ్ లోంచి గిన్నె తీసి వెచ్చబెట్టాడు. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలింది.

"ఉప్పు తక్కువైంది."

"ఉప్పు ఎప్పుడూ తనే వేసేది," అన్నాడు.

"మా నేల రుచే," అంది ఆమె. "డబ్బాలో పెరిగినా పోలేదు."

ఒక్క గిన్నెలోంచే ఇద్దరూ తిన్నారు. అడుగున రెండు గింజలు మిగిలాయి. ఆమె ఒకదాన్ని వేళ్ళమధ్య నొక్కి చూసింది. మెత్తగా చితికిపోయింది. వేలు నాకి, గిన్నె అతనివైపు జరిపింది.

"ఆ ఒక్కటీ నువ్వు తిను మరిదీ. పారెయ్యకు."