సోమవారం మూడు గంటల పాట

చాటనూగా రేడియోలో లేడీ వెర్డెల్ పాటలు ఎలా ఎంచుకుంటుందో కనిపెట్టడానికి నాకు రెండు వారాల గడువుంది. కనిపెట్టలేకపోతే ఉద్యోగం ఊడుతుంది.

గడువు పెట్టింది మా బాస్ డెల్మార్ హాబ్స్. మెంఫిస్‌లో ఆయనకో చిన్న రికార్డుల కంపెనీ ఉంది. అందులో తయారైన పాటల్ని రేడియో స్టేషన్ల చుట్టూ తిప్పి వేయించడం నా పని.

"లూషస్, ఈ సోమవారం కాదు, వచ్చే సోమవారం మూడు గంటలకి చాటనూగా రేడియోలో నా పాట మోగాలి. మోగలేదా, కారు తాళాలు నా బల్ల మీద పెట్టి నడుచుకుంటూ ఇంటికెళ్ళు."

'నా పాట' అని ఆయన ఊరికే అనలేదు. కంపెనీ ఆయనదే, పాట ఆయనదే, గొంతు కూడా ఆయనదే. స్టూడియోలో ఆయన పాడుతున్నంతసేపూ డ్రమ్ము వాయించేవాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. లీనమైపోయి కాదు.

రికార్డుకి రెండో వైపు కూడా ఏదో ఒకటి ఉండాలి కదా. బాస్ శాండ్‌విచ్ తినడానికి వెళ్ళిన ఇరవై నిమిషాల్లో, ఆఫీసులో ఫోన్లెత్తే జెనీవా చేత ఒక పాట పాడించి ఆ ఖాళీ పూడ్చేశారు. నేను ఊళ్ళో లేను. దాన్ని వినే ఓపిక తర్వాత కూడా నాకు కలగలేదు.

అది 1966. ఆ రోజుల్లో మా నల్లవాళ్ళ సోల్ పాట బతకాలంటే అమెరికా దక్షిణాదిలో కొన్ని రేడియో గొంతులు ఒప్పుకోవాలి. ఆ గొంతుల్లో వెర్డెల్ ట్రింబుల్‌ది, అంటే లేడీ వెర్డెల్‌ది, ఒకటి. రోజూ పన్నెండు నుంచి నాలుగు దాకా రేడియోలో ఆమే. సోమవారం మూడింటికి ఒక కొత్త పాట వేసేది, వెంటనే రెండోసారి వేసేది. నాలుగయ్యేసరికి ఈస్ట్ నైన్త్ స్ట్రీట్‌లో పాప్ లాంగ్‌ఫర్డ్ రికార్డుల షాపు ముందు జనం నిలబడేవాళ్ళు. మంగళవారం పొద్దున అట్లాంటా నుంచి, నాక్స్‌విల్ నుంచి డీజేలు ఫోన్ చేసి "నిన్న ఆవిడ ఏం వేసింది?" అని అడిగేవాళ్ళు. ఆమె మెచ్చిన పాట నచ్చలేదంటే చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ళు కూడా అదోలా చూసేవాళ్ళు.

ఆమె మాత్రం కంపెనీ మనుషుల్ని కలిసేది కాదు. కానుకలు తీసుకునేది కాదు. క్రిస్మస్‌కి ఒక కంపెనీవాళ్ళు పెద్ద హామ్, ఉప్పులో ఊరిన పంది తొడ, పంపిస్తే, స్టేషన్ వాచ్‌మన్ కుక్క మూడు రోజులు పండగ చేసుకుందట. నేను పదమూడుసార్లు ఫోన్ చేశాను. పదమూడుసార్లూ ఒకటే జవాబు: "రికార్డు బుట్టలో పడేసి పో నాయనా. బాగుంటే నాకే తెలుస్తుంది."

ఎలా తెలుస్తుంది? ఆ ఒక్క రహస్యం నా చేతికి చిక్కితే చాలు.

వెంటపడ్డాను. మంగళవారం స్టేషన్ నుంచి ఇంటికి, బుధవారం ఇంటి నుంచి చర్చికి. గురువారం సాయంత్రం దొరికింది. ఒక చేతిలో చిన్న రికార్డు ప్లేయరు, చంకలో కొత్త రికార్డులు పెట్టుకుని ఆమె నేరుగా క్లోటిల్డా గ్రిగ్స్ బ్యూటీ పార్లర్‌లోకి వెళ్ళింది.

ఎదురుగా మంగలి షాపుంది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని గడ్డం గీయించుకున్నాను. అయిపోయింది. మళ్ళీ గీయమన్నాను.

"గీయడానికి ఏముందయ్యా అక్కడ, చర్మం తప్ప?" అన్నాడు మంగలి.

"ఆ చర్మమే గీయి."

వీధికి అటువైపు అద్దంలోంచి అంతా కనిపిస్తూనే ఉంది. వెర్డెల్ ఒక్కో రికార్డూ వేస్తోంది. జుట్టు ఆరబెట్టే టోపీల్లాంటి డ్రయ్యర్ల కింద ఆడవాళ్ళు వరుసగా కూర్చున్నారు. పార్లర్ యజమానురాలు క్లో నాకు వీపు చూపిస్తూ ఎవరి జుట్టో దువ్వుతోంది. నాలుగో రికార్డుకి, నీలం లేబుల్‌దానికి, ఇద్దరు ఆడవాళ్ళు లేచి గంతులేశారు. వెర్డెల్ చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది.

సోమవారం మూడింటికి మోగిన పాట రికార్డుని పాప్ షాపులో చూశాను. నీలం లేబుల్!

నాకు గంతులేయాలనిపించింది. ఇంతేనా? ఆడవాళ్ళు లేచి ఆడితే చాలన్నమాట. ఆడేవాళ్ళని నేను ఏర్పాటు చేయలేనా?

చాటనూగాలో నాకొక పెద్దమ్మ కూతురుంది, బర్నీస్. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"అక్కా, గురువారం నీకూ నీ స్నేహితురాళ్ళు ముగ్గురికీ జుట్టు చేయిస్తా. ఖర్చు నాది. మా ఎర్ర లేబుల్ రికార్డు వెర్డెల్ బుట్టలో పడేశాను, అది కనబడగానే లేచి ఆడండి. మిగతావాటికి మొహాలు ముడుచుకోండి."

"పాట బాగుంటుందా?"

"నీకెందుకది?"

"అంటే బాగుండదన్నమాట. సరేరా, నీ మొహం చూసి ఆడతాను."

అక్కడ ఏం జరిగేదీ నా చెవులతో వినాలనుకున్నాను. క్లో దగ్గర మూడో డ్రయ్యరు పాడైందని బర్నీసే చెప్పింది. గురువారం ఖాకీ బట్టలేసుకుని, స్క్రూడ్రైవరు పట్టుకుని, టోపీ కళ్ళ మీదకి లాక్కుని వెళ్ళాను. మెకానిక్కునన్నాను. క్లో మనిషి సన్నగా, పొడుగ్గా ఉంది. నన్ను తలెత్తి కూడా చూడలేదు.

"మూడోది. బాగుచెయ్యకపోయినా పరవాలేదు, పేల్చెయ్యకు."

పొయ్యి మీద ఉంగరాల జుట్టు సాఫు చేసే ఇనుప దువ్వెనలు రెండు కాలుతున్నాయి. ఒకటి తీసి, గుడ్డకి తుడిచి, బర్నీస్ జుట్టులోంచి లాగుతోంది. అది చల్లారేలోగా రెండోది. ఆ చెయ్యి యంత్రంలా ఆడుతోంది. పక్కన డ్రయ్యరు కింద ఎనభై ఏళ్ళ చర్చి పెద్దావిడ మదర్ సిమ్స్ కునుకు తీస్తోంది.

వెర్డెల్ వచ్చింది. రేడియోలో విని ఆరడుగుల మనిషనుకుంటాం. ఐదడుగులకి తక్కువే.

మొదటి మూడు రికార్డులకీ మావాళ్ళు వేపాకు నమిలినట్టు మొహాలు పెట్టారు. ఆ తర్వాత ఎర్ర లేబుల్ బయటికి వచ్చింది. వెర్డెల్ ముల్లు ఆనించింది. పాటకి ముందు ఇంకా 'చర చర' మంటోంది.

"అబ్బా! ఏం పాట!" అంటూ బర్నీస్ స్నేహితురాళ్ళు ముగ్గురూ లేచి తిరగడం మొదలుపెట్టారు. బర్నీస్ కుర్చీలో కూర్చునే చప్పట్లు కొట్టింది.

వెర్డెల్ ముల్లు పైకెత్తింది. ముగ్గురూ ఇంకా ఆడుతూనే ఉన్నారు.

"పాట ఇంకా మొదలవలేదమ్మా," అంది వెర్డెల్.

"మాకు... మాకు ముందే తెలిసిపోతుంది!" అంది బర్నీస్.

"అదృష్టవంతులు."

ముల్లు మళ్ళీ పెట్టింది. మా బాస్ గొంతు గదంతా పరుచుకుంది. మావాళ్ళు చెమటలు కక్కుతూ ఆడారు. మదర్ సిమ్స్ కళ్ళు తెరిచి, "శుక్రవారం చర్చిలో చేపలు ఎవరు వేయిస్తున్నారే క్లో?" అని అడిగింది. "మీ కోడలే మదర్," అంది క్లో. దువ్వెన ఆగలేదు.

పాట అయిపోయింది. వెర్డెల్ పుస్తకం తీయలేదు. రికార్డు తిరగేసింది.

అటువైపు గురించి నేనెవరికీ ఏమీ చెప్పలేదు. మావాళ్ళకి తెలిసిందల్లా ఎర్ర రంగు. అటువైపూ ఎరుపే కాబట్టి మళ్ళీ లేచారు పాపం.

జెనీవా పాడటం మొదలుపెట్టింది.

మొదట పియానో నాలుగు మెట్లు. తర్వాత ఆ గొంతు. రోజూ "హాబ్స్ రికార్డ్స్, ఒక్క క్షణం ఆగండి" అనే గొంతే. ఎవరో తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు పాడుతోంది. ఆడుతున్న ముగ్గురూ ఎప్పుడు కూర్చున్నారో నేను చూడలేదు. మదర్ సిమ్స్ తన చేత్తోనే డ్రయ్యరు పైకి తోసి, తడి తలతో ముందుకి వంగింది.

ఏదో కాలుతున్న వాసన వచ్చింది.

"అమ్మో! నా జుట్టు!" బర్నీస్ కేక పెట్టింది.

క్లో ఉలిక్కిపడి దువ్వెన లాగింది. దాంతోపాటు బర్నీస్ జుట్టు గుప్పెడు వచ్చింది.

వెర్డెల్ పుస్తకం తీసి ఒక్క మాట రాసుకుంది.

"తొమ్మిదేళ్ళుగా ప్రతి గురువారం వస్తున్నాను," అంది, నింపాదిగా. "క్లో ఆ దువ్వెన పట్టి ఇరవై ఏళ్ళయింది. పక్కన పిడుగు పడినా ఆ చెయ్యి ఆగదు. పాటకి ఆగిందంటే ఆ పాట జనంలో ఆడుతుంది. మామూలుగా ఒక్క క్షణం ఆగుతుంది, అంతే. పోయినవారం నీలం లేబుల్‌కీ అంతే. జుట్టు కాలడం మాత్రం ఇది రెండోసారి."

"నా చెయ్యి చూడ్డానికా నువ్వు వచ్చేది?" క్లో నోరు తెరిచింది. "నా మీద ప్రేమతో అనుకున్నానే!"

"ప్రేమ కూడా ఉందిలేవే."

పోయినవారం నేను చూసింది క్లో వీపుని. చూడాల్సింది చేతిని! తడబడి పైకి లేవబోయి డ్రయ్యరుకి తల కొట్టుకుని, "క్షమించండి మేడమ్," అన్నాను.

వెర్డెల్ మెల్లగా నావైపు తిరిగింది.

"ఈ గొంతు నాకు తెలుసు. పదమూడుసార్లు ఫోన్ చేసిన గొంతు. మెంఫిస్. టోపీ తియ్యి."

తీశాను.

"ఆ గంతులేసినవాళ్ళు నీ చుట్టాలా?"

"ఒక్కరే మేడమ్. జుట్టు కాలినావిడ."

"ఒరేయ్ లూషస్," అంది బర్నీస్ తల పట్టుకుని, "ఇంటికి రా, నీ పని చెబుతా."

"మోసం చేసినవాళ్ళ రికార్డు నేను వేయను," అంది వెర్డెల్. ప్లేయరు మూత వేసేసింది.

అప్పటిదాకా నా ఆలోచనంతా నా ఉద్యోగం గురించే. ఆ క్షణంలో మాత్రం నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"మోసం నాది మేడమ్. పాడిన జెనీవా మా ఆఫీసులో ఫోన్లెత్తే పిల్ల, ఆమెకి ఏమీ తెలియదు. ఈ రికార్డు ఇక్కడికి వచ్చిందని కూడా తెలియదు. నేనే ఇప్పుడు మొదటిసారి విన్నాను."

"మీ ఆఫీసులో పిల్ల పాడింది నువ్వు వినలేదా?"

"లేదు మేడమ్."

"సిగ్గులేదూ?" అంది మదర్ సిమ్స్.

"ఇప్పుడు వస్తోందండీ."

వెర్డెల్ ప్లేయరు మూత మీంచి చెయ్యి తీసింది. "రెండేళ్ళ కిందట ఇలాగే ఒక రికార్డు తిరగేసి రెండో వైపు వేశాను. ఆ కంపెనీవాడు మా ఓనరు దగ్గరికెళ్ళి పెద్ద గొడవ చేశాడు. మళ్ళీ ఆ తలనొప్పి నాకొద్దు. అదిగో ఫోను. మీ బాసుకి చెప్పు. ఏ వైపు వేస్తున్నానో, ఎందుకు వేస్తున్నానో. ఇప్పుడే, మా అందరి ముందూ. అతను సరే అంటే వేస్తాను."

గోడకున్న ఫోను నావైపు చూస్తోంది. ఆడవాళ్ళు పదిమంది కూడా చూస్తున్నారు. అబద్ధం చెప్పి బయటపడే దారి నాకైతే కనిపించలేదు. నంబరు తిప్పాను. జెనీవాయే ఎత్తింది.

"హాబ్స్ రికార్డ్స్, ఒక్క క్షణం..."

"జెనీవా, నేను. బాస్‌కి ఇవ్వు."

బాస్ వచ్చాడు. "ఏమయ్యా, వేస్తోందా?"

"వేస్తుంది సార్. రెండో వైపు."

"రెండో వైపు ఏముంది?"

"జెనీవా."

"మన జెనీవానా? పాడుతుందా?"

"మీరు శాండ్‌విచ్‌కి వెళ్ళినప్పుడు సార్."

"మరి నాది?"

అందరూ వింటున్నారు. ఉన్నదే చెప్పాను. "మీరు పాడుతుంటే చర్చిలో చేపలు ఎవరు వేయిస్తున్నారని అడిగారు సార్."

పార్లరంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులు మెంఫిస్‌కి వినిపించాయి.

"ఆవిడని ఏమన్నా వేసుకోమను, నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు బాస్ పళ్ళ మధ్య నుంచి. "రికార్డుల పెట్టె ఒక్కటి కూడా పంపను. నీ పని అయిపోయింది. మంగళవారం కారు తెచ్చి ఇచ్చెయ్యి." ఫోన్ పెట్టేశాడు.

"సరే అన్నారు," అని చెప్పాను వెర్డెల్‌కి.

"ఇంకా ఏమన్నాడు?"

"అది నా విషయం మేడమ్."



సోమవారం మూడింటికి ఐదు నిమిషాలుండగా పాప్ షాపులో ఫోన్ దగ్గర నిలబడ్డాను. చాటనూగా రేడియో మెంఫిస్‌లో వినబడదు. నంబరు తిప్పి, "జెనీవా, ఏం మాట్లాడకు. విను," అన్నాను. రిసీవరు తీసుకెళ్ళి రేడియోకి ఆనించాను.

లేడీ వెర్డెల్ ముక్తసరిగా చెప్పింది. "ఈ పిల్ల పేరు జెనీవా. బండి తోలేవాళ్ళు పక్కన ఆపుకోండి. పొయ్యి దగ్గరున్నవాళ్ళు మంట తగ్గించుకోండి."

పాట మోగింది. రెండోసారి కూడా మోగింది. అది అయ్యేలోపే తలుపు తోసుకుని జనం లోపలికి వచ్చారు. "ఎక్కడ? ఏదీ?" నా కారు డిక్కీలో ఉన్న రెండు పెట్టెలూ తెచ్చి బల్ల మీద పెట్టాను. పాప్ వాటిని విప్పుతుండగానే ఖాళీ అయిపోయాయి.

రిసీవరు చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరో ఏడుస్తున్నారు.

"జెనీవా?"

"మిస్టర్ లూషస్, అది నేనేనా?" అంది. "నా గొంతు అలా ఉంటుందా?"

"అలాగే ఉంటుంది."

అవతల ఫోన్ బాస్ లాక్కున్నాడు. వెనకాల జనం కేకలు ఆయనకీ వినబడుతున్నట్టున్నాయి.

"లూషస్! ఏమిటా గోల?"

"కొనేవాళ్ళు సార్. సరుకు అయిపోయింది."

మా బాస్ పాటగాడిగా ఎలాంటివాడైనా వ్యాపారిగా తెలివైనవాడు. ఊపిరి గట్టిగా పీల్చుకోవడం వినిపించింది.

"చాటనూగాలో రికార్డుల షాపులు ఎన్ని?"

"పదకొండు సార్."

"మరి ఇంకా నాతో ఫోన్‌లో ఏం చేస్తున్నావ్?"