కాలి చప్పుడు

మగ్గం మీద నాడె కుడి నుంచి ఎడమకు పోయింది, ఎడమ నుంచి కుడికి వచ్చింది. గుంటలో దేవేంద్రప్ప కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి చెక్కలు తొక్కుతున్నాయి. నడుము దాకా మనిషి భూమిలో ఉన్నాడు. నడుము పైన ఉన్నవాడు మాత్రం పొద్దున్నుంచే ఆదోనిలో ఉన్నాడు.

ఇరవై రెండేళ్లు ఎమ్మిగనూరులో ఒకే మగ్గం ముందు కూర్చున్నందుకు అతని ఒళ్లు ఇద్దరు మనుషులను తెచ్చి మధ్యలో కుట్టినట్టు తయారైంది. భుజాలు చూస్తే పైల్వానే. కిందికి దిగితే సన్నటి పిక్కలు, వాటి మీద ముడులు పడిన నరాలు, గుంట చెమ్మకు పాసిపోయిన వేళ్లు. మెడ మాత్రం ఎప్పుడూ కొంచెం ముందుకు సాగి ఉండేది. నేసే గుడ్డను చూసి చూసి అట్లా అయిందని అతను అనేవాడు. జనం తలల మీదుగా కుస్తీలు చూసి చూసి అయిందని ఈరమ్మ అనేది.

ఈరమ్మ రాట్నం దగ్గర కండెలు చుడుతున్నది. తలెత్తకుండానే అడిగింది.

"ఈపొద్దు గూడా పోతాండావా?"

"పోతా."

"మొదటి వారం పోయొచ్చి కూడు మానుకుంటివి. పోయిన వారం పోయొచ్చి మాటలు మానుకుంటివి. ఈ వారం ఏం మానుకుంటావో ముందే సెప్పిపో, ఆ పనన్నా తప్పుతాది నాకు."

దేవేంద్రప్ప నవ్వలేదు. ఈరమ్మ కూడా నవ్వించాలని అనలేదు. పెళ్లి ముహూర్తాన్ని కోసిగి కుస్తీలు అయ్యేదాకా వెనక్కి జరిపించినవాడు, మొదటి కాన్పునాడు రాయచూరులో ఉన్నవాడు ఆమె మొగుడు. "నాకు సవతి ఉందని కాపురానికొచ్చిన నెలకే తెలిసెనమ్మా. ఆ సవతికి మీసాలుండె" అని వీధిలో ఆడవాళ్లకు చెప్పి నవ్వించేది. మీసాల సవతి పేరు సిరాజుద్దీన్. ఊరు ఆదోని.

దేవేంద్రప్ప పదిహేడేళ్లప్పుడు, శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న జాతరకు పోయాడు. దేవుడి దర్శనం అయిందో లేదో అతనికి గుర్తు లేదు. పసుపు, నూనె, మజ్జిగ కలిపి పదును చేసిన ఎర్రమట్టి గోదా గుర్తుంది. తనకన్నా జానెడు ఎత్తున్న బళ్లారి పైల్వాన్ కింద దూరి, తొడ కింద చెయ్యి వేసి, బస్తాను భుజానికెత్తుకున్నట్టు ఎత్తుకొని, ఒక్కసారి గుండ్రంగా తిరిగి వెల్లకిలా వేసిన సిరాజుద్దీన్ గుర్తున్నాడు. దెబ్బ లేదు, గుద్దు లేదు. మట్టికుస్తీలో అవి చెల్లవు. రెండు భుజాలూ మట్టికి తగిలితే అయిపోయినట్టే. ఆ మట్టిని జనం నొసటికి రాసుకున్నారు. దేవేంద్రప్ప నొసటికి రాసుకొని మూడు రోజులు స్నానం మానుకున్నాడు. మానుకోవడం అప్పటినుంచే అలవాటు.

తర్వాత పదిహేనేళ్లు ఆ ఒక్క పట్టు కోసం తిరిగాడు. అది పడినప్పుడల్లా తనే భుజం మీద మోసినట్టు ఊపిరి బిగపట్టేవాడు. అంతలో ఊళ్లలో సినిమా హాళ్లు లేచాయి, గోదాల మీద గడ్డి లేచింది. సిరాజుద్దీన్ ఒక ప్రెస్సు మిల్లులో దూది బేళ్లు మోసే పనికి కుదిరాడు. దేవేంద్రప్ప మగ్గం గుంటలోకి దిగితే పొద్దుగూకేదాకా పైకి రావడం మానేశాడు.

ఎనభై మూడులో మేనేజరు అబ్రహాం కంపెనీ వచ్చింది. ఆదోనిలో రేకులు కట్టి, చెక్క పలకల వేదిక వేసి, చుట్టూ తాళ్లు బిగించారు. జట్కాలో మైకు పెట్టి ఊళ్లూళ్లూ తిరిగారు: "గుద్దవచ్చు! తన్నవచ్చు! మెడ మెలివేయవచ్చు! అన్నీ చెల్లు!" బొంబాయి పులికీ బాగ్దాద్ భూతానికీ ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు పోరు. బొంబాయి పులిది కోసిగి, పేరు వెంకటేశులు. కరువుకు ఊరొదిలి బొంబాయికి సుగ్గికి, అంటే కూలివలసకు పోయి, అక్కడ ఇసుక మోసి వచ్చినవాడు కనుక బొంబాయి అనడం అబద్ధమేమీ కాదు. బాగ్దాద్ భూతం నల్లముసుగు వేసుకుంటుంది. ముసుగు చెవి బొక్కలోంచి ముద్దైపోయిన కుడిచెవి కనబడగానే దేవేంద్రప్ప మెడ ఇంకొంచెం ముందుకు సాగింది. సిరాజుద్దీన్ చెవిని అతను మైలు దూరం నుంచైనా పోల్చగలడు.

ఆ వారం భూతం ఓడిపోయింది. దేవేంద్రప్ప కూడు మానుకున్నాడు.

రెండో వారం అతను మొహాలు చూడలేదు, కాళ్లు చూశాడు. మగ్గం మీద కాలు ముందు, చెయ్యి వెనక. చెక్క తొక్కితే పడుగు విడుతుంది, అప్పుడే చెయ్యి నాడె విసరాలి. ఇరవై రెండేళ్లుగా ఆ వరస ఒంటికి పట్టినవాడికి ఇంకొకడి ఒంట్లో అదే వరస కనబడక ఎట్లా పోతుంది? పులి గుద్దే ముందు ఎడమకాలు లేస్తున్నది. పిడికిలి దవడను చేరకముందే పాదం పలక మీద పడుతున్నది. జనం వింటున్న దెబ్బ చేతిది కాదు, కాలిది. చెయ్యి గాలిని తాకి వెనక్కి వస్తుంటే సిరాజుద్దీన్ వరసగా, నాగరికంగా పడిపోతున్నాడు.

ఆ వారం మాటలు మానుకున్నాడు.

ఈ పొద్దు మధ్యాహ్నానికే నాడె పక్కన పెట్టి, కాళ్లు కడుక్కొని ఆదోని బస్సెక్కాడు. అతనికి ఒక్కటే తెలియాలి. ఇప్పుడు నాటకమైతే, అప్పుడు ఉరుకుందలో పడినది ఏమిటి?

సిరాజుద్దీన్ రేకుల వెనక టీకొట్టు దగ్గర బనియన్‌తో కూర్చొని ఉన్నాడు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. ఛాతీ ఇంకా వెడల్పే, దాని మీద చర్మం మాత్రం వేరేవాళ్లది తెచ్చి కప్పినట్టు వేలాడుతున్నది.

"రాప్పా దేవేంద్రా! ముసుగేసినా ఇడిసిపెట్టవా నన్ను?"

"పైల్వాన్ సాబూ, నువ్వు ఓడిపోతాండావా? ఓడినట్టు సేస్తాండావా?"

సిరాజుద్దీన్ టీని సాసర్లో పోసుకొని ఊదాడు.

"ఎట్ల కనుక్కొంటివి?"

"కాలు."

"అరెరె! మేనేజరుకు గూడా తెలవదు అది, దెబ్బలే అనుకుంటాడు." నాలుగు ముందరి కట్టుడు పళ్లూ కనబడేటట్టు నవ్వి, బనియన్ మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. "ఈడ పట్టేస్తాంది దేవేంద్రా. బేళ్లెత్తితే పోతావనె డాక్టరు. ఈడైతే పడేది, లేసేది. ఇంట్లో గుల్జార్ బీకి ఇంత అన్నం దొరుకుతాంది. యెంకటేశులు మంచోడు, పూలు తాకినట్టు గుద్దుతాడు."

"ఉరుకుందలో?"

"ఉరుకుందలో ఏం?"

"బళ్లారి పైల్వాను. అది గూడా ఇట్లనే మాట్లాడుకుంటిరా?"

సిరాజుద్దీన్ నవ్వు ఆగింది. సాసరు కింద పెట్టాడు. "వాన్ని ఎత్తిన దినం నుంచే ఈ భుజం ఇట్ల దిగబడిపోయిండేది. సూడు కావాలంటే." చూపించాడు. దేవేంద్రప్ప చూశాడు. కుడిభుజం ఎడమదానికన్నా బెత్తెడు కిందికి ఉంది.

"ఎవరికీ సెప్పొద్దుప్పా కాలి సంగతి" అన్నాడు సిరాజుద్దీన్ లేస్తూ. "సెప్తే నా కడుపు కొట్టినట్టే."

"నేనెందుకు సెప్తా పైల్వాన్ సాబూ!" అన్నాడు దేవేంద్రప్ప. ఆ క్షణంలో అది నిజమే. అతనికి ఇరవై ఏళ్ల ప్రాణం లేచి వచ్చినట్టుంది. ఉరుకుంద నిజం. అది చాలు.

చాలి ఉంటే అతను అటునుంచి అటే బస్సెక్కేవాడు. లోపలికి పోయి కూర్చున్నాడు.

పక్కన సైకిల్ షాపు ఇక్బాల్ ఉన్నాడు. మూడు వారాలుగా ఇద్దరూ అదే చోట కూర్చుంటున్నారు. చెనక్కాయలు పంచుకునేంత స్నేహం. పోరు మొదలైంది. పులి కాలు లేచింది, పలక మోగింది, భూతం పడింది. జనం ఈలలు వేశారు.

"యా ముసలోన్ని తెచ్చినారో!" అన్నాడు ఇక్బాల్ చెనక్కాయ ఒలుస్తూ. "వీడు మనూరి సిరాజేనంట గదా. మట్టిలో పొర్లినోడు గుద్దులకేం నిలుస్తాడు? అప్పుడు గెలిసినవన్నీ గూడా ఎవురో పిల్లకాయలతోనే ఉంటాయిలే."

భూతం మళ్లీ పడింది.

"లెయ్ తాతా, లెయ్! ఇంటికాడ అవ్వ ఎదురుసూస్తాంటాది!" ఇక్బాల్ అరిచాడు. చుట్టూ ఉన్న నలభై యాభైమంది నవ్వారు.

దేవేంద్రప్ప లేచి నిలబడ్డాడు.

"ఆయప్ప ఓడిపోల్యా! ఓడినట్టు సేస్తాండాడు! పులికి దెబ్బ కొట్టేది సేత గాదు, కాల్తో తొక్కి సప్పుడు సేస్తాండాడు! కాలు సూడండప్పా, కాలు!"

ఇచ్చిన మాట దాటడానికి అరగంట కూడా పట్టలేదు. అయినా అతను తన పైల్వాన్ పరువు నిలబెట్టాననే అనుకున్నాడు.

జనం కాళ్లు చూశారు. ఒకసారి చూశాక చూడకుండా ఉండటం ఎవరి తరం? పులి కాలు లేవగానే మైదానం మొత్తం "కాలూ!" అని అరిచింది. పలక మోగగానే పగలబడి నవ్వింది. నాలుగైదు దెబ్బలకు పులి సిగ్గుపడిపోయి కాలు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. కొందరు లేచి గేటు వైపు నడిచారు. "టికెట్ ఎనక్కియ్యండ్రా దొంగ నాయాళ్లారా!" అని ఎవడో అరిచాడు.

మేనేజరు అబ్రహాం తాళ్ల దగ్గరికి వచ్చి పులి చెవిలో ఏదో అన్నాడు. పులి తల అడ్డంగా ఊపాడు. అబ్రహాం గేటు వైపు వేలు చూపించి మళ్లీ అన్నాడు. ఈసారి పులి ఏమీ ఊపలేదు.

తర్వాతి దెబ్బకు కాలు లేవలేదు.

చప్పుడు చిన్నది, పచ్చిది. తడిగుడ్డను బండ మీద ఒక్కసారి వేసినట్టు. భూతం పడలేదు, నిలబడి ఆశ్చర్యపోయింది. రెండోది పక్కటెముకల మీద, మూడోది మెడ మీద. గేటు దగ్గరివాళ్లు వెనక్కి వచ్చి కూర్చున్నారు. మైదానం ముందెన్నడూ లేనంతగా గర్జించింది. ఏం మారిందో తెలిసినవాడు దేవేంద్రప్ప ఒక్కడే. ఆపండని అరవాలి. నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే సిరాజుద్దీన్ వంగి, పులి తొడ కింద చెయ్యి వేశాడు.

దేవేంద్రప్ప నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఊపిరి బిగపట్టాడు.

పులి గాలిలోకి లేచాడు. దిగిన భుజం మీద అడ్డంగా, బస్తాలాగా. సిరాజుద్దీన్ గుండ్రంగా తిరిగాడు. వెల్లకిలా వేశాడు. పలకలన్నీ ఒక్కసారి మోగాయి. దేవేంద్రప్ప ఏడుస్తూ ఇక్బాల్ వీపు మీద గుద్దుతూ, "సూసినావా! సూసినావా!" అని అరుస్తున్నాడు.

సిరాజుద్దీన్ తాడు పట్టుకొని మెల్లగా కూర్చున్నాడు. తర్వాత పడుకున్నాడు.

"లెయ్యి భూతమా!" అని ఎవరో అరిచారు. లేవలేదు. మొహం మీద ముసుగు, చూడటానికి ఏమీ లేదు. తెలివి నేర్చిన జనం మొహం కోసం వెతకలేదు. కాళ్లు చూశారు. కాళ్లు ఊరికే ఉన్నాయి. మేనేజరు ముందుకు రాబోయి, జనం ఏమంటారోనని ఆగాడు. పులి మోకాళ్ల మీద లేచి, "అన్నా, సిరాజన్నా" అని భుజం కదుపుతున్నాడు. అది కూడా యాక్టింగేనని ముందు వరస మెచ్చుకున్నది.

ఇక్బాల్ దేవేంద్రప్ప వైపు తిరిగాడు. అతని వెనక వాళ్లు, ఆ వెనక వాళ్లు, మూడు వరసలు మెడలు తిప్పి చూశారు.

"ఏమన్నా, కాలు కనిపెట్టినోడివి నువ్వే. సెప్పు. ఇది నిజమా, నాటకమా?"

దేవేంద్రప్ప ఆ పాదాలను చూశాడు. మడమలు బయటికి తిరిగి, వేళ్లు వదులుగా పడి ఉన్నాయి. అట్లాంటి కాళ్లు ఏ మనిషీ చెయ్యలేడని అతనికి తెలుసు. నిజమంటే చేసింది ఎవరో కూడా తెలుసు.

"నాటకమే" అన్నాడు.

ఆ మాట వరస వెంబడి పాకింది. నాటకమేనంట. కనిపెట్టినాయన సెప్పె. జనం హాయిగా వెనక్కి వాలి, చెనక్కాయలు ఒలుచుకుంటూ భూతం ఎప్పుడు లేస్తుందోనని చూశారు. పదిహేను నిమిషాలు చూశారు. విసుగు పుట్టి ఒకడు పొట్టు విసిరాడు. పొట్టు ముసుగు మీద పడి అక్కడే ఉండిపోయింది. నోటి దగ్గర బొక్క మీద పడిన పొట్టు ముక్క కూడా కదలలేదు. అప్పుడు పులి ముసుగు లాగేశాడు.

మైకు జట్కానే పిలిచారు. అది ఆస్పత్రికి పోయి, పొద్దు వాలే వేళకు ఖాళీగా తిరిగి వచ్చింది.

"అయిపోయిండెనంట" అన్నాడు జట్కా తోలే అయ్యన్న. "పావుగంట ముందు తెచ్చింటే సూస్తాంటిమి అనె డాక్టరు. గుల్జార్ బీకి సెప్పేదానికి పోతాండా. ఆయప్పవి ఏమన్నా ఉంటే ఇయ్యండి."

తాళ్లు విప్పుతున్న మేనేజరు చొక్కా, లుంగీ, చెప్పుల జత తెచ్చి ఇచ్చాడు.

"అంతేనా?"

"అంతే."

దేవేంద్రప్ప ఎమ్మిగనూరు బస్సుకు నడిచాడు. దారిలో ఇద్దరు ముగ్గురు అతన్ని పోల్చి, వచ్చే ఆదివారం ఉంటుందా అని అడిగారు. రేకుల వెనక, పరదా మాటున, చెక్కపెట్టె మీద ఎవరో తాగి వదిలేసిన నీళ్లనుకొని ఎవరూ ముట్టని స్టీలు గ్లాసు ఒకటి ఉండిపోయింది. దాని అడుగున గులాబిరంగు చిగురుకు అతికించిన నాలుగు ముందరి పళ్లు, వాటి సందులో చెనక్కాయ తునక.